చెడిన బండిని లాగు బండి, దాని సారథికి వలసిన లైసెన్సు



నేటి ప్రసంగవిషయము విని మీలో కొందరు నవ్వవచ్చును. ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలో సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి గొన్న తెలుగు పండితునికి, దారిలో చెడిపోయిన లారీలను లాగుకొనిపోవు బండితో పని యేమని అడుగవచ్చును. పని గలదు. అది నా కెట్లు తగులుకొన్నదో నడుమ మనవి చేసెదను. ముందుగా ఆ బండి యేదో, దానిని తోలువానికి చట్టము విధించిన నియమము లేవో చెప్పుట న్యాయము.

మా గ్రామము హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయరహదారికి మూడు మైళ్ళ లోపున నున్నది. ఆ బాట నాలుగు వరుసలుగా వెడల్పయిన పిదప మా యూరి కుర్రవాండ్రకు క్రొత్త వృత్తులు కొన్ని దొరకినవి. అందులో నొకటి రికవరీ బండి తోలుట. దీనిని కొందరు క్రేను బండి యందురు, కొందరు టోయింగు బండి యందురు. ఇరుసు విరిగినదియు, ఇంజను చెడినదియు, గుంటలో ఒరిగినదియు అగు వాహనమును పైకెత్తి, షెడ్డుకు చేర్చుట దీని పని. అమెరికాదేశమున చట్టనూగా అను పట్టణములో ఎర్నెస్టు హోమ్సు అను మెకానిక్కు 1916లో ఒక కారుమీద గొలుసును, కప్పీని అమర్చి ఇట్టి యంత్రమును మొదట చేసెనని చెప్పుదురు. నేడు దీనిలో తెగలు పెక్కు గలవు. కొన్ని గొలుసుతో కొక్కెము తగిలించి ముందుభాగము నెత్తును. కొన్ని చక్రముల క్రింద ఇనుపచేతులు జొనిపి లేపును. మరికొన్నింటికి పళ్ళెమువంటి చదునైన వీపు గలదు. చెడిన కారును తీగమోకుతో ఆ వీపుమీది కీడ్చి కట్టివేయుదురు.

ఈ పనిలో ఉన్న ప్రమాదము పట్టణవాసులకంటె మీకే సులువుగా తెలియును. ఎద్దుబండిలో బస్తాలన్నియు వెనుకకు వేసినచో ఏమగును? కాడి పైకి లేచి ఎద్దుల మెడకు పలుపులు బిగియును. ఎద్దులు ఎంత బలిసినవైనను ముందుకు కదలలేవు. లాగు బండికిని అదే న్యాయము. వెనుక ఇరుసునకు ఆవల పదిటన్నుల లారీ వ్రేలాడునపుడు ముందు చక్రములపై బరువు తగ్గును. దారి మార్చునవి ముందు చక్రములే కదా! అవి నేలను గట్టిగా పట్టనిచో చేతిలోని చక్రము త్రిప్పినను బండి మాట వినదు. పైగా వెనుకనున్న లారీ తనకు బ్రేకు లేక, దిగుడు వచ్చినపుడు ముందుదానిని త్రోయును. మలుపు వచ్చినపుడు తోకవలె ఊగును. కావున కారు తోలుట వచ్చినంత మాత్రమున ఈ బండి తోలుట రాదు. ఇంతమాత్రము మనసునం దుంచుకొనిన, చట్టములోని అంకెలన్నియు ఎందుకు పుట్టినవో తెలియును.

లైసెన్సు అను మాటకు అనుజ్ఞాపత్రమని నేను తరగతిలో అర్థము చెప్పెడివాడను. ఆ మాటను పిల్లలు పరీక్షలో వ్రాసిరే గాని బయట నెవ్వరును పలుకలేదు. కాబట్టి నేనును లైసెన్సనియే చెప్పెదను. ప్రభుత్వమువారు ఈ లైసెన్సుల లెక్కలకై ఏర్పరచిన కంప్యూటరు వ్యవస్థకు మాత్రము ‘సారథి’ యని పేరు పెట్టిరి. ఆ పేరు విన్నపుడు నాకు సంతోషము కలిగెను. బాహుకుడు ఋతుపర్ణుని రథము తోలునపుడు లైసెన్సెవ్వ రడిగిరని మా రచ్చబండ వద్ద నొక పెద్దమనిషి చమత్కరించినాడు. అడుగకపోలేదయ్యా! బక్కచిక్కిన గుఱ్ఱముల నేల ఎన్నుకొంటివని రాజు నిలదీసెను. వాని సుళ్ళను, గుర్తులను చెప్పి బాహుకుడు ఒప్పించెను. అదియొక పరీక్షయే.

మన దేశమున నేడు నడచుచున్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 2019లో పెద్దమార్పులు పొందెను. దీని ప్రకారము కారునకు పదునెనిమిదేండ్లు, రవాణా వాహనమునకు ఇరువదియేండ్లు నిండవలెను. రవాణా వాహనమునకు నేర్చుకొను లైసెన్సు కావలెనన్న, అంతకుముందు ఒక సంవత్సరమైనను తేలికవాహనపు లైసెన్సు కలిగి యుండవలెను. అనగా నిన్న కారు నేర్చినవాడు నేడు లారీ ఎక్కరాదు. నేర్చుకొను లైసెన్సు ఆరునెలలు చెల్లును. అది పుట్టిన ముప్పదిదినముల తరువాతగాని పరీక్షకు పోరాదు. రవాణా లైసెన్సు కోరువాడు వైద్యుని ధ్రువపత్రమును, గుర్తింపు గల శిక్షణశాలవారి పత్రమును చూపవలెను. ఒకప్పుడు మూడేండ్లకొకసారి క్రొత్త చేయించుకొనవలసిన ఈ లైసెన్సునకు 2019 నాటి సవరణ అయిదేండ్ల గడువు నిచ్చినది.

ఇక తేలికవాహనమన నేమి? ఇచ్చటనే పెక్కుమంది పొరబడుచున్నారు. రవాణా బండికైన దాని సొంత బరువును, అది మోయదగిన సరకు బరువును కలిపి 7,500 కిలోలు మించరాదు. కారునకు, ట్రాక్టరునకు ఖాళీ బరువే లెక్క. ఈ 7,500 అను అంకె యొక గట్టువంటిది. గట్టునకు ఈవల నున్నది తేలికవాహనము, ఆవల నున్నది కాదు. ఈవలనున్న రవాణా బండిని తోలుటకు కారు లైసెన్సు చాలునా, రవాణా ముద్ర వేరుగ వేయించుకొనవలెనా యను వివాదము న్యాయస్థానములలో చిరకాలము నడచెను. చాలునని 2017లో సుప్రీముకోర్టువారు ముకుంద్ దేవాంగన్ అభియోగములో చెప్పిరి. బీమా సంస్థలు మరల వాదించినవి. 2024 నవంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పునే స్థిరపరచినది. కనుక 7,500 కిలోలకు లోబడిన చిన్న రికవరీ బండిని కారు లైసెన్సు గలవాడు తోలవచ్చును. ప్రమాదకరమైన సరకులు మోయు బండ్లకు, ఈ-రిక్షాలకు ఈ సడలింపు లేదు. గట్టు దాటిన పెద్దబండికిని లేదు.

మరియొక చిక్కు గలదు. 2004 నవంబరులో కేంద్రప్రభుత్వమువారు వాహనములను జాబితాలుగా విభజించి ప్రకటించినపుడు, టో ట్రక్కులను, బ్రేక్‌డౌను వానులను, రికవరీ వాహనములను రవాణేతరముల పట్టికలో చేర్చిరి. చెడిన బండిని లాగుటకు వాడు వాహనమునకు పర్మిటు అక్కరలేదని చట్టము 66వ సెక్షను చెప్పుచున్నది. ఈ రెండు మాటలును షెడ్ల యజమానుల చెవిని బడినవి. ‘ఇది రవాణా బండి కాదట, దీనికి పర్మిటు లేదట, కావున లైసెన్సున్నను లేకున్నను ఒక్కటే’ యని కొందరు తేల్చివేసిరి. ఇది శుద్ధ అవివేకము. పర్మిటు వేరు, నమోదు వేరు, లైసెన్సు వేరు. పర్మిటు బండిని బట్టి. లైసెన్సు మనిషిని బట్టి. పండ్రెండు టన్నుల బండిని ఏ పట్టికలో వ్రాసినను దాని బరువు తగ్గదు గదా! పైగా పళ్ళెపు వీపు గల బండ్లు కొన్ని సరకు బండ్లుగానే నమోదై యుండును. నమోదు పత్రములో తెగ యేమని యున్నది, మొత్తము బరువెంత యని యున్నది, ఈ రెంటిని చదివి లైసెన్సుతో సరిపోల్చిన పిదపనే తాళపుచెవి ముట్టవలెను.

ఇప్పుడు నా సంగతి చెప్పెదను.

నా శిష్యు డొకడు ఏడవతరగతితో చదువు మానివేసెను. పేరు చెప్పను. తండ్రికి అప్పులు, పిల్లవాడు లారీలమీద క్లీనరుగా కుదిరెను. పద్యము చెప్పిన నోరు తెరచి వినెడివాడు గాని వ్రాయుమన్న చేయి వణకెడిది. 2014లో, ఇరువదిరెండేండ్లవాడై, కారు లైసెన్సు చేతపట్టుకొని మా యింటికి వచ్చెను. అప్పు డొక నియమముండెడిది: రవాణా వాహనపు లైసెన్సు కోరువాడు ఎనిమిదవతరగతి ప్యాసై యుండవలెను. నే నపుడు తాత్కాలికముగా ప్రధానోపాధ్యాయుని పని చూచుచుంటిని.

“మాస్టారూ, ఒక్క ఏడే కదండీ తక్కువ. ఎనిమిది అని రాసి కాగితం ఇప్పించండి. పెద్ద లైసెన్సు తీసుకుంటాను” అని అడిగెను.

నేను కోపించితిని. “అబద్ధపు కాగితము వ్రాయు చేయి కాదు నాయనా ఇది” అంటిని. వాడు మరల మాటాడక నమస్కరించి వెడలిపోయెను. ఆ రాత్రి నేను సుఖముగా నిద్రించితిని. ధర్మమును కాపాడితినను గర్వము కూడ కొంత యుండెనని దాచనేల?

రెండేండ్లు గడచినవి. వాడు రహదారి ప్రక్క నొక షెడ్డులో చిన్న రికవరీ బండి తోలుచుండెను. అందులకు వాని లైసెన్సు చెల్లును. 2016లో నొక వానరాత్రి పెద్దబండి డ్రైవరు రాలేదు. వంతెన దిగుడులో సరకులారీ చెడి నిలిచినదని పిలుపు వచ్చెను. యజమాని తాళపుచెవి వీని చేతికిచ్చి “నీకు రాదా ఏమి, పో” అనెను. వాడు పోయెను. లారీ ముందుభాగము నెత్తి కొక్కెము తగిలించెను గాని, అడ్డుగొలుసు బిగింపలేదు. ఆ గొలుసొక టున్నదనియే వానికి సరిగా తెలియదట. దిగుడులో లారీ ఊగి కొక్కెమునుండి జారి, ప్రక్కగా వచ్చుచున్న మోటారుసైకిలును కొట్టెను. దానిమీది మనిషికి మోకాలి క్రిందికి కాలు పోయినది. ఈ కథలో అందరికంటె నష్టపోయినవాడు ఆయన. లైసెన్సులో నేముండెనో, ఎవరు ఎవరికి కాగితము వ్రాయలేదో ఆయన కెందుకు?

నష్టపరిహారపు న్యాయస్థానమున బీమావారు, తోలినవానికి ఆ తరగతి బండికి లైసెన్సు లేదని వాదించిరి. ఇట్టిచోట న్యాయము ఎట్లు నడచునో మీరు తెలిసికొనవలెను. సుప్రీముకోర్టువారు 2004లో స్వరణ్ సింగు అభియోగమున చెప్పిన దేమనగా, లైసెన్సు లేదన్నంతనే బీమావారు తప్పించుకొనలేరు, యజమాని తెలిసి తప్పుచేసెనని నిరూపింపవలెను. నిరూపించినను, గాయపడినవానికి ముందు బీమావారే చెల్లించి, తరువాత యజమానివద్ద రాబట్టుకొనునట్లు న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. ఇచ్చటను అట్లే జరిగెను. కాలు పోయిన మనిషికి సొమ్ము ముట్టెను. బీమావారు యజమానిమీద పడిరి. యజమాని వచ్చి మా శిష్యుని తండ్రిమీద పడెను. చట్టములో తండ్రికి ఏ బాధ్యతయు లేదు. కాని పల్లెటూరిలో పెద్దమనుషులు కూర్చుండి మాట్లాడిన పిదప, ఆ తండ్రి అరువదిసెంట్ల మాగాణి అమ్మి సగముభారము మోసెను. ఆ కూర్చున్న పెద్దమనుషులలో ఎవ్వరికిని చట్టము తెలియదు. తెలిసినయెడల ఆ భూమి నిలిచెడిది. లైసెన్సు లేనివానికి బండి నిచ్చుట యజమాని చేసిన నేరమని 5వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. 2019 సవరణ తరువాత దానికి మూడుమాసముల ఖైదుగాని అయిదువేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. తోలినవానికిని అంతే శిక్ష.

భూమి అమ్మిన వారమునకు ఆ తండ్రి మా యరుగుమీద వచ్చి కూర్చుండెను. చాలసేపు పలుకలేదు. తుదకు, “పంతులుగారూ, ఆనాడు మీరు ఆ కాగితం ముక్క ఇచ్చుంటే మావోడికి పెద్ద లైసెన్సు వచ్చేది గదండీ” అనెను.

నేను జవాబు చెప్పలేకపోతిని. కాగితము గొలుసును బిగించునా యని మనసులో వాదించుకొంటిని. బిగింపదు. కాని పెద్ద లైసెన్సునకు పోయినచో శిక్షణశాలలో బరువుబండి పాఠము చెప్పెడివారు. గొలుసు సంగతి అచ్చట వినియుండెడివాడు. తండ్రి మాట మొత్తము తప్పు కాదు. అబద్ధము వ్రాయకుండుట తప్పనను, నేటికిని వ్రాయను. నా తప్పు వేరొకటి. ఎనిమిదవతరగతికి సమానమైన పరీక్షను బడికి రానివారు కూడ జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా వ్రాయవచ్చునని నాకు తెలియును. ‘లేదు’ అను మాట చెప్పి పంపితిని గాని, ‘ఇటు పొమ్ము’ అను మాట చెప్పలేదు. సాయంకాలము అరుగుమీద గంటసేపు చెప్పిన ఏడాదిలో వాడు ఆ పరీక్ష గట్టెక్కెడివాడు.

2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వమువారు ఆ ఎనిమిదవతరగతి నియమమును తొలగించిరి. చదువులేని బీదలకు బ్రతుకుతెరువు దొరకుటకట. నే నుపాధ్యాయుడనై యుండియు ఆ తొలగింపును మెచ్చితిని. తరగతి సంఖ్యకును బండి తోలుటకును సంబంధము తక్కువ. అయినను అక్షరముతో పనిలేదని కాదు. బరువు పలక చదువవలెను, వంతెనపై వ్రాసిన ఎత్తు చదువవలెను, నమోదు పత్రము చదువవలెను. పత్రికలో ఆ వార్త చూచిననాడే వానికి కబురంపితిని. పెద్దబండి ముట్టనని ఒట్టు పెట్టుకొన్నాడట. “ఒట్టు తరువాత చూతము, ముందు పలక పట్టు” అంటిని.

లాగుటలోని నియమములనే వానికి వాచకముగా చెప్పితిని. 1989 నాటి రోడ్డు నిబంధనలలో ఇవి యుండెను: చెడిన బండిని లాగునపుడు రెండు బండ్ల నడుమ దూరము అయిదు మీటర్లు మించరాదు, మోకుగాని గొలుసుగాని దారినపోవువారికి స్పష్టముగా కనబడవలెను, లాగబడు బండిలో దానికి తగిన లైసెన్సు గల మనిషి చక్రమువద్ద కూర్చుండవలెను, లేదా దాని దారిత్రిప్పు చక్రములు నేలనంటకుండ గట్టిగా ఎత్తి కట్టవలెను, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు, వెనుక తెల్లనిపలకపై నల్లని అక్షరములతో, డెబ్బదియైదు మిల్లీమీటర్లకు తక్కువగాని ఎత్తున, లాగబడుచున్నదను మాట వ్రాయవలెను. 2017లో వీని స్థానమున క్రొత్త నిబంధనలు వచ్చినవి. పాఠమునకు మాత్రము నాకు పాతవే చేతనుండెను. అక్షరములు కూడబలుకుటకు అవి చాలినవి. ‘మోకు’ అను చోట వాడు నవ్వి, మోటబావి మోకు మా తాత పేనెడివాడని చెప్పెను. ఆ మాట మాత్రము ఒక్కపర్యాయమునకే వ్రాసెను.

విదేశములలో లాగుబండ్లు తోలుచున్న మన పిల్లలును కలరు. అమెరికాలో 26,001 పౌనులు, అనగా సుమారు 11,800 కిలోలు, అంతకు మించిన బండికి వ్యాపారలైసెన్సు వేరుగ కావలెను. అంకె మారినది గాని గట్టు మారలేదు.

మరియొక మాట ట్రాక్టరులున్న ఇండ్లవారికి. బురదలో దిగిన కారునో ఆటోనో లాగుటకు పదునాలుగేండ్ల మనుమనిని ట్రాక్టరెక్కించుట మన యూళ్ళలో చూచుచున్నాము. మైనరు బండి తోలి నేరము చేసినచో సంరక్షకునికి, యజమానికి మూడేండ్లవరకు ఖైదును, ఇరువదియైదువేల జరిమానాయును 2019 నాటి సవరణ విధించినది. బండి నమోదు ఒక యేడు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు నేర్చుకొను లైసెన్సైనను పుట్టదు. రహదారిమీద బండి చెడినయెడల మనుమని పిలువక 1033 సంఖ్యకు ఫోను చేయుడు; అది జాతీయరహదారుల సహాయపు సంఖ్య. మనిషికి దెబ్బ తగిలిన 108.

మా శిష్యుడు 2021లో రవాణా లైసెన్సు పొందెను. వైద్యపరీక్షకు, శిక్షణశాలకు, కార్యాలయమునకు వానితో నేనును పోయితిని. వరుసలో నిలుచుట నాకేమియు చిన్నతనము కాలేదు. ఇప్పుడు వాడు వేరొక షెడ్డులో పెద్దబండి తోలుచున్నాడు. కాలు పోయినయాయన రోడ్డుప్రక్కనే చిన్న కొట్టు పెట్టుకొన్నాడు. మావాడు సరకంతయు అచ్చటనే కొనును. ఇద్దరును ఎక్కువ మాటలాడుకొనరు. ఒక పండుగకు వచ్చినపుడు వాడు తన లైసెన్సును నా చేతి కిచ్చెను. కంటియద్దములకై నేను తడుముకొనుచుండగా, మరల తానే తీసికొని, వ్రేలితో అక్షరములు చూపుచు తెగను, గడువుతేదీని మెల్లగా చదివి వినిపించెను. తప్పు లేదు.